నాలుగొందల రెండు పలకలేదు

నాలుగో అంతస్తు చేరేసరికి హెడ్డుగారి మోకాళ్ళు రెండూ పోటీపడి ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాయి. కింద లిఫ్టు తలుపుకి "త్వరలో" అని కాగితం అంటించి ఉంది. అంటించి ఎన్నాళ్ళయిందో, అంచులు చుట్టుకుపోయి పసుపుపచ్చబడింది. ఆ కొత్త అపార్ట్‌మెంటులో పాతబడింది ఏదైనా ఉందంటే ఆ కాగితమొక్కటే. ఆయన గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుని, చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండూ పది.

పోలీసు కొలువు వదిలేసి ఏడేళ్ళయింది. ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కూడా పెట్టుకున్నాడు. అయినా హెడ్డు కానిస్టేబులు నాటి పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. వదలాల్సినవి వదలవు, ఉండాల్సినవి ఉండవు. ఆయన జీవితంలో నేర్చుకున్న చదువంతా అంతే.

తలుపు మీద నాలుగొందల రెండు అని ఇత్తడి అంకెలు మెరుస్తున్నాయి. నర్సమ్మ తలుపు తీసింది. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది.

"కూర్చోండి హెడ్డుగారూ. మంచినీళ్ళు తెస్తాను."

"నీళ్ళు తరవాత. కాగితాలు చూపించమ్మా."

ఆవిడ రెండు నకళ్ళు బల్ల మీద పెట్టింది. కోర్టు ఫైలులోంచి వకీలు తీయించినవి. రెండూ రిజిస్టరు కవర్లే. రెండింటి మీదా పోస్టుమాన్ ఎర్ర సిరాతో రాసిన ఒకే మాట: తీసుకోవడానికి నిరాకరించారు. మొదటిది ఆరో తేదీ, పన్నెండూ నలభై. రెండోది పదమూడో తేదీ, పన్నెండూ ముప్పై అయిదు.

కోర్టు లెక్కలో వద్దన్న ఉత్తరం అందినట్టే. రెండుసార్లు వద్దన్న మనిషి తప్పించుకు తిరుగుతున్నట్టే. రేపు పదిన్నరకి ఆ కవర్లు రెండూ జడ్జి ఎదుట పెడతారు. ఎందుకు తిప్పి పంపావని అడిగితే నర్సమ్మ దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోతే ఆరేళ్ళ పాప ఒక్క సంతకంతో చేజారిపోతుంది. పాప నర్సమ్మ కన్నది కాదు, చచ్చిపోయిన చెల్లెలి బిడ్డ. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. పాప తండ్రి, అంటే నర్సమ్మ మరిది, బిడ్డకి ఆర్నెల్లప్పుడు గడప దాటినవాడు మళ్ళీ మొహం చూపించలేదు. ఇప్పుడు తగుదునమ్మా అని తన బిడ్డని తనకిమ్మని కేసు వేశాడు. ఆ కేసు సంగతైనా నోటీసు వల్ల తెలిసింది కాదు. కోర్టులో టైపు కొట్టే ఆయన జ్వరంతో వార్డులో చేరి, సెలైను ఎక్కించుకుంటూ నర్సమ్మ పేరు విని చెప్పాడు.

"ఈ రెండు తేదీల్లో ఈ టైముకి ఎక్కడున్నావమ్మా?"

"ఇక్కడే. పన్నెండింటికి డ్యూటీ దిగి ఇంటికొస్తాను. నాలుగు మెతుకులు తిని, ఒంటిగంటకి పిచ్చుక కోసం బడికి బయల్దేరతాను. ఇక్కడికొచ్చిన ఈ ఆరు వారాల్లో ఒక్క రోజు తప్పలేదు."

"పోస్టుమాన్ తలుపు తట్టలేదా?"

"తట్టలేదు."

"కింద నుంచి ఇంటర్‌కమ్ మోగలేదా?"

"మోగితే నాకు వినబడదా హెడ్డుగారూ? ఉన్నవి రెండు గదులు. ఇదొక్కటే కాదు. ఈ ఇంట్లోకి వచ్చిందగ్గర్నుంచి నాకు ఒక్క ఉత్తరం ముక్క సరిగ్గా చేరలేదు. మామూలు ఉత్తరాలు కింద వాచ్‌మన్ బల్ల మీద ట్రేలో పడేసి పోతారు. ఎవరిది ఎవరు పట్టుకుపోతారో ఎవడికీ తెలీదు. అడిగితే పెట్టెలు బిగిస్తాం, త్వరలో అంటారు."

"మీ మరిది తరపున ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా?"

"వాళ్ళక్క వస్తుంది, నెలకోసారి. పిచ్చుకకి ఆ మేనత్తంటే ప్రాణం. పాపం పిల్లల్లేరు ఆవిడకి. తమ్ముణ్ణి నాకంటే ఎక్కువ తిడుతుంది." నర్సమ్మ గోడ గడియారం వైపు చూసింది. "వాళ్ళు పెట్టిన డిటెక్టివ్ ఒకాయన పన్నెండున్నరకి వస్తానన్నాడు. ఈ నోటీసుల గురించి నా మాటలు రాసుకుంటాడట. ఒకటిన్నర దాకా కదలొద్దన్నాడు. ఇంట్లో లేకపోతే అదీ తప్పించుకోవడమే అని రాస్తాడట. అందుకే పాపని ఇవాళ రెండింటిదాకా ఉంచమని బడికి ఫోన్ చేశాను."

"ఆ డిటెక్టివ్ దగ్గర సెంటు వాసన వస్తుందా?"

"ఫోన్లో మాట్లాడాడండీ. వాసన ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది లేమ్మా. ఫోన్లో కూడా తెలుస్తుంది" అని హెడ్డుగారు మెట్ల వైపు తిరిగాడు. ఎక్కేటప్పటి నొప్పి వేరు, దిగేటప్పటి నొప్పి వేరు.

కింద వాచ్‌మన్ టిఫిన్ క్యారేజీ తీసుకుని లేవబోతున్నాడు. పన్నెండూ ఇరవై ఆరు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ. నాలుగొందల రెండుకి ఫోన్ చెయ్యి."

వాచ్‌మన్ ఆయన మొహంలోకి చూస్తూనే వేళ్ళతో మీటలు నొక్కాడు. రెండోసారి మోగేలోపు నర్సమ్మ పలికింది. ఏ లోపమూ లేదు. హెడ్డుగారికి నీరసం వచ్చింది. ఇంటర్‌కమ్ చెడిపోయి ఉంటే ఎంత బాగుండేది! రేపు పదిన్నరకి చెడిపోయిన ఫోనే సాక్ష్యం చెప్పేది.

"పోస్టుమాన్ వచ్చినప్పుడు నువ్వు ఇక్కడుంటావా?"

"ఎక్కడుంటానండీ? నాకు అన్నానికి అరగంట. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా పంపు రూములో కూర్చుంటాను. ఆయన సరిగ్గా ఆ టైముకే తగలడతాడు. తనే ఫోన్ చేసుకుని, తనే పోతాడు."

"పైకి ఎక్కడా?"

"మీరు ఎక్కొచ్చారుగా. మళ్ళీ ఎక్కుతారా?"

వాచ్‌మన్ క్యారేజీ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకి గేటులోంచి ముందు వాసన వచ్చింది, ఆ వెనకాల సెంటు అని పేరుపడ్డ మనిషి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో తోలు సంచి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఒకే బెంచీ మీద నిద్రపోయారు. ఇప్పుడు సెంటుకి పెద్ద ఆఫీసు ఉంది. హెడ్డుగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి.

"ఓహో, హెడ్డన్నా! ఇంకా బతికే ఉన్నావా? ఎవరో అన్నారు మంచమెక్కావని."

"మంచమెక్కుదామనే అనుకున్నా తమ్ముడూ. దానికీ మెట్లున్నాయి."

సెంటు నవ్వాడు. "ఎందుకన్నా ఈ వయసులో ఈ తిప్పలు? ఓడిపోయిన కేసు పట్టుకుని వేలాడతావు, నీకిది మొదట్నుంచీ అలవాటే. రెండు కవర్లు, రెండు సంతకాలు, ఎర్ర సిరా. గవర్నమెంటు పోస్టుమాన్ అబద్ధం రాస్తాడా?"

"అబద్ధం రాశాడని నేనన్నానా?"

"మరి ఇక్కడేం ఊడబొడుస్తున్నావు?"

"నువ్వేం ఊడబొడవడానికి వచ్చావో చూద్దామని. రేపు కోర్టు పెట్టుకుని ఇవాళ ఆ అమ్మాయి మాటలు రాసుకోవడం దేనికి? గెలిచేవాడు ఆగుతాడు. నువ్వు తొందరపడుతున్నావు."

"తొందర నాది కాదు. ఇవాళే, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్యలోనే కూర్చోబెట్టి రాయించమని మా క్లయింటు పట్టుబట్టింది. ఆవిడ చాదస్తం ఆవిడది, నాకెందుకు?"

హెడ్డుగారు నెమ్మదిగా తలెత్తాడు. "ఆవిడా? కేసు వేసింది తండ్రి కదా."

సెంటు మొహంలో నవ్వు ఒక పక్క జారింది. వెంటనే సర్దుకున్నాడు. "తండ్రి తరపు వాళ్ళు ఎవరైతేనేం? నీకు చెప్పాలా?"

"అక్కర్లేదు. చెప్పేశావుగా."

"మాటలు పట్టుకుని వేలాడకన్నా. ఆ బుద్ధి వల్లే నువ్వు హెడ్డు దగ్గరే ఆగిపోయావు."

"నువ్వు ఆగలేదు తమ్ముడూ. నిన్ను తరిమేశారు."

ఆ మాటకి సెంటు మెడ ఎర్రబడింది. ఇంకేదో అనబోయేలోపు గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. పోస్టుమాన్. పన్నెండూ ముప్పై ఏడు.

చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. భుజాన సంచి ఆ మనిషి కంటే లావుగా ఉంది. ట్రేలో నాలుగు ఉత్తరాలు పడేసి వెనక్కి తిరగబోతుంటే హెడ్డుగారు ఎదురుగా నిలబడి సంగతి చెప్పాడు. పోస్టుమాన్ మొహం ముడుచుకున్నాడు.

"నేనేం తప్పు రాయలేదండీ. ఆవిడే వద్దంది. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ వద్దనే అంది."

"నీ కళ్ళతో చూశావా ఆవిడని?"

"చూడ్డానికి పైకెక్కాలి కదండీ. నా బీటులో ఇలాంటి కొత్త బిల్డింగులు పదకొండు కలిశాయి. మనిషిని మాత్రం కలపలేదు. అన్నిటికీ ఎక్కి దిగితే ఈ సంచి ఎల్లుండికి ఖాళీ అవుతుంది. కింద నుంచి ఫోన్ చేస్తాను. వస్తానంటే ఆగుతాను, వద్దంటే రాసుకుని పోతాను. అందరూ చేసేది ఇదే."

"ఫోన్లో ఏమంది?"

"సన్నటి గొంతు. 'నాకొద్దు బాబూ, రాసుకుని పంపెయ్' అంది. పేరు అడిగితే కూడా టక్కున చెప్పింది."

"విన్నావా అన్నా?" అన్నాడు సెంటు. "పేరుతో సహా చెప్పిందట."

హెడ్డుగారు అతని వైపు చూడలేదు. "ఇప్పుడు చెయ్యి. ఆ రోజు చేసినట్టే, నీ చేత్తో నువ్వే చెయ్యి."

పోస్టుమాన్ బల్ల దగ్గరికి వంగి నాలుగు, సున్న, రెండు నొక్కాడు. రిసీవర్లో మోగుతున్న చప్పుడు ముగ్గురికీ వినబడింది. అయిదుసార్లు మోగింది. ఆరుసార్లు మోగింది. ఎవరూ ఎత్తలేదు. హెడ్డుగారు వాకిట్లోకి వచ్చి, తల పైకెత్తి, ఉన్న ఓపికంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"నర్సమ్మా! ఫోన్ ఎత్తవేం?"

బాల్కనీలోంచి నర్సమ్మ తొంగి చూసింది. "ఏ ఫోను? మోగితే కదా!"

గొడవ విని వాచ్‌మన్ ఎంగిలి చేత్తోనే పంపు రూములోంచి వచ్చాడు. పోస్టుమాన్ నొక్కిన అంకె విని పెద్దగా నవ్వాడు.

"అయ్యో, అలా కాదండీ! నాలుగొందల రెండు కావాలంటే అయిదొందల రెండు కొట్టాలి. ఒక అంతస్తు కలుపుకోవాలి. వైర్లు లాగిన వాళ్ళు కింద పార్కింగుని కూడా ఒక అంతస్తుగా లెక్కేశారు. తలుపుల మీద నంబర్లు బిగించిన వాళ్ళు పార్కింగుని లెక్కలోకి తీసుకోలేదు. ఇక్కడ అందరికీ తెలుసు. మేమంతా కలుపుకునే కొడతాం."

హెడ్డుగారు కళ్ళు మూసుకున్నాడు. ఇందాక వాచ్‌మన్ మొహం చూశాడు గాని వేళ్ళు చూడలేదు. పాతికేళ్ళ సర్వీసు, గాడిద చాకిరీ! అంతస్తుల లెక్క తప్పితే సరిచేయించకుండా, ఆ తప్పునే బట్టీపట్టి హాయిగా కాపురాలు చేస్తున్నారు ఇంతమంది. కొత్తగా వచ్చిన నర్సమ్మకి చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. బయటివాడైన పోస్టుమాన్‌కి చెప్పాలనీ తోచలేదు.

"అయితే నాలుగొందల రెండు కొడితే ఎక్కడ మోగుతుంది?"

"దాని కిందింట్లో. మూడొందల రెండు. కానీ అది ఖాళీ అండీ. ఇంకా అమ్ముడుపోలేదు."

"ఖాళీ ఇంట్లోంచి ఎవరు బాబూ, 'నాకొద్దు' అంది?"

వాచ్‌మన్ నవ్వు ఆగిపోయింది.

"మారు తాళం తీసుకుని పద" అన్నాడు హెడ్డుగారు. పోస్టుమాన్ని కదలొద్దన్నాడు. సెంటు కూడా వచ్చాడు. మూడో అంతస్తు ఎక్కడంలో ఆయన కంటే ముందున్నా, తలుపు దగ్గర పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

ఇంట్లో సున్నం వాసన, రంగు వాసన. నేల నిండా సిమెంటు దుమ్ము. ఆ దుమ్ములో గుమ్మం నుంచి ఇంటర్‌కమ్ దాకా మాత్రం తోవ పడినట్టు అడుగుజాడలు ఉన్నాయి. చిన్న పాదాలు, మెత్తటి చెప్పులు. గదుల వైపు ఒక్క అడుగూ లేదు. ఇంటర్‌కమ్ కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. రిసీవర్ మీద దుమ్ము లేదు. కొత్త గోడ మీద, కుర్చీలో కూర్చుంటే చేతికందే ఎత్తులో, పెన్సిలుతో సన్నగా రాసిన అంకెలున్నాయి. పన్నెండూ నలభై. పన్నెండూ ముప్పై ఎనిమిది. పన్నెండూ నలభై అయిదు. వరసగా పదకొండు ఉన్నాయి. పోస్టుమాన్ వచ్చే టైములు. కిటికీలోంచి చూస్తే గేటూ, సైకిలూ రెండూ కనబడుతున్నాయి.

"ఈ తాళం ఎవరికిచ్చావు?"

వాచ్‌మన్ చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు. "ఇల్లు కొంటానని ఒకావిడ అండీ. బిల్డరుగారే ఇమ్మన్నారు. టేపు పట్టుకుని కొలతలు తీసుకోవాలని రోజూ పన్నెండింటికి వచ్చి ఒంటిగంటకి పోతుంది. మంచి మనిషండీ. పైన నాలుగొందల రెండులో వాళ్ళకి చుట్టమట. కిందే ఇల్లు కొనుక్కుంటే పాపని రోజూ చూసుకోవచ్చంది. మొదటిసారి వచ్చినప్పుడు పైకి ఫోన్ చేస్తే పలకలేదని నన్నే అడిగింది. అంతస్తు లెక్క నేనే చెప్పాను."

"పొట్టిగా, సన్నటి గొంతుతో ఉంటుందా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

హెడ్డుగారు సెంటు వైపు తిరిగాడు. "తమ్ముడూ, నీ క్లయింటు ఈవిడేనా?"

సెంటు కుర్చీ వంకే చూస్తున్నాడు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పాప మేనత్త" అన్నాడు చివరికి. "ఈ కుర్చీ సంగతి నాకు తెలీదన్నా. నా తోడు. కవర్ల సంగతే చెప్పింది. నర్సు మొండిది, ఉత్తరాలు తీసుకోదు అంది."

"వచ్చిన పదకొండు రోజులూ టైము రాసింది. ఇవాళ ఫోన్ మోగితే ఎత్తలేదు. ఇవాళెందుకు రాలేదు?"

రేపటికి కావాల్సిన సాక్ష్యం మాత్రం కళ్ళెదుట గోడ మీదే ఉంది. పోస్టుమాన్ చేత సంతకం పెట్టించుకుని, వాచ్‌మన్ మాట రాసుకుంటే చాలు, కేసు నిలబడుతుంది. ఇంటికి పోయి పడుకోవచ్చు. హెడ్డుగారికి ఎన్నో నెలల తరవాత ఆ ఆలోచన తియ్యగా అనిపించింది. ఆ తియ్యదనమే ఆయన్ని అనుమానంలో పడేసింది. ఆయన బతుకులో ఏదీ ఇంత తేలిగ్గా తేలలేదు.

మెట్ల మీద నుంచే పోస్టుమాన్ని పైకి పిలిచాడు. వాడు సణుక్కుంటూ ఎక్కాడు. గొంతులు విని నర్సమ్మ కూడా దిగొచ్చింది.

"నీ పుస్తకం తియ్యి. నాలుగొందల రెండు పేర వద్దన్నవి అన్నీ చదువు."

పోస్టుమాన్ వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "ఆరో తేదీ, కోర్టుది. తొమ్మిదో తేదీ..."

"ఆగు. తొమ్మిదా? మాకు తెలిసింది ఆరు, పదమూడు. రెండే."

"మూడండీ. మీరడిగింది కోర్టువని కదా, అందుకే రెండన్నాను. మధ్యలో ఒకటి కోర్టుది కాదు. వద్దంటే పంపిన వాళ్ళకే తిప్పేశాను."

"ఎవరు పంపింది?"

పోస్టుమాన్ పుస్తకం కిటికీ వెలుగులోకి పట్టుకున్నాడు. "ఏదో బడి అండీ. పిల్లల బడి. పంపినవారు ప్రధానోపాధ్యాయురాలు అని ఉంది."

నర్సమ్మ ఫోన్ తీసింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. హెడ్డుగారు ఫోన్ తీసుకుని స్పీకరు పెట్టి ఆవిడ చేతికే ఇచ్చాడు. ఒంటిగంట.

బడి గుమాస్తా గొంతు తీరిగ్గా పలికింది. "చెప్పండమ్మా. మళ్ళీ ఏంటి?"

"మళ్ళీ ఏంటంటారేంటండీ? మీరు నాకు రిజిస్టరు ఉత్తరం పంపారా?"

"పంపామండీ. పాపని తీసుకెళ్ళడానికి తన పేరు కూడా రాసుకోమని పాప మేనత్తగారు దరఖాస్తు పెట్టారు. పది రోజుల్లో మీరు కాదంటే ఆపేస్తామని రాశాం. మీరు కవరే తీసుకోలేదు. కాదని చెప్పలేదు కదా అని నిన్నటితో ఆవిడ పేరు రిజిస్టరులో ఎక్కించాం."

"అయ్యయ్యో! ఆవిడతో పంపకండి. పిచ్చుకని లోపలే ఉంచండి, నేను వస్తున్నాను."

గుమాస్తా గొంతులో తీరిక పోయింది.

"అదేంటమ్మా? పొద్దున రెండింటిదాకా ఉంచమన్నది మీరే. మళ్ళీ పన్నెండున్నరకి ఫోన్ చేసి, మేనత్త వస్తోంది, ఆవిడతో పంపెయ్యమన్నదీ మీరే కదా?"

"నేను చేసింది ఒక్కసారే" అంది నర్సమ్మ. ఆ మాట ఆవిడ నోట్లోంచి ఊపిరి వచ్చినట్టు వచ్చింది.

"పన్నెండూ నలభైకే తీసుకెళ్ళిపోయారమ్మా. పాప ఎగురుకుంటూ వెళ్ళింది."

నర్సమ్మ ఫోన్ పట్టుకునే మెట్ల వైపు పరిగెత్తింది. ఎక్కడికని ఆవిడకే తెలియదు. హెడ్డుగారు రెక్క పట్టుకుని ఆపాడు. ఆపడమైతే ఆపాడు గాని ఎటు వెళ్ళమనాలో ఆయనకీ తెలియదు. ఊళ్ళో ఇళ్ళు వేలున్నాయి, దారులు వందలున్నాయి, మోకాళ్ళు రెండే ఉన్నాయి.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ సెంటు గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ లేనిది, ఆ గొంతులో వెటకారం లేదు.

"హెడ్డన్నా. నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది ఆవిడ మాటలు రాయడానికి కాదు. ఆవిడని కదలనివ్వకుండా ఉంచడానికి."

"అది నాకు ఇందాకే అర్థమైంది. కొత్తది ఏమన్నా ఉంటే చెప్పు."

"నర్సుకి కేసు సంగతి తెలిసిపోయిందని చెప్పగానే, నిన్న సాయంత్రం మా ఆఫీసుకి వచ్చి, మా చేతే బస్సు టికెట్లు తీయించుకుంది. తనకి ఫోన్లో తియ్యడం రాదంది. రాష్ట్ర సరిహద్దు దాటి పోయే బస్సు." సెంటు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "రెండున్నర టికెట్లు."

"రెండు ఆవిడకీ తమ్ముడికీ. ఆ అర టికెట్టు ఎవరికని అడగలేదా?"

"అడగలేదన్నా."

ఇద్దరూ ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న ఉద్యోగంలో మొదటి పాఠం అడగడం. హెడ్డుగారు ఆ మాట పైకి అనలేదు. అనే ఓపిక లేదు, అనే టైమూ లేదు.

"నీ కారు ఎక్కడుంది?"

"గేటు బయటే."

"బస్సు ఎన్నింటికి?"

"ఒకటీ ఇరవైకి" అన్నాడు సెంటు, అప్పటికే మూడేసి మెట్లు దూకుతూ. "కానీ ఆ బస్సు ఒక్క స్టాండులోనే ఆగదు. దారిలో చెయ్యెత్తిన చోటల్లా ఎక్కించుకుంటుంది. ఆవిడ ఎక్కడ ఎక్కుతుందో టికెట్టు మీద రాయించుకోలేదు."